సముద్రం నుంచి వచ్చిన ఔట్‌బోర్డ్ మోటారును మంచినీటితో కడగడం, కాపాడుకోవడం ఎలా?

కాశిమేడు, తిరువొత్తియూరు, ఎన్నూరు తీరాల్లో ఫైబరు పడవలు నడుపుకొనే మనవాళ్లూ, పులికాట్ వైపు నుంచి మోటారు బాగుచేయించుకోవడానికి చెన్నై వచ్చే నెల్లూరు జిల్లా మత్స్యకారులూ, సెలవు రోజుల్లో చేపలు పట్టడానికి కోవళం దగ్గర చిన్న పడవ కొనుక్కున్న ఉద్యోగస్తులూ నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే. “అన్నా, ఒడ్డుకు రాగానే మోటారుకు నీళ్లు పడుతూనే ఉన్నా. అయినా ఏడాది తిరక్కుండానే వేడెక్కిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నా?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబును ఈసారి మొత్తంగా రాసి పెడుతున్నాను.

నేను విప్పి చూసిన మోటార్లలో తప్పు ఎక్కువగా రెండు చోట్ల కనిపించింది. ఇంజను లోపలి భాగం వేడెక్కకముందే నీళ్లు ఆపేయడం మొదటిది. పడుతున్న నీరు అసలు మంచినీరేనా అని చూసుకోకపోవడం రెండవది.

లోపల ఏం జరుగుతుంది

పడవ వెనుక బిగించే ఔట్‌బోర్డ్ మోటారుకు కారులో ఉన్నట్టు రేడియేటరు ఉండదు. నీటిలో మునిగి ఉండే కింది కాలులోని రబ్బరు ఇంపెల్లరు, అంటే నీటి పంపులోని రెక్కల చక్రం, సముద్రపు నీటినే లాగి పైకి తోస్తుంది. ఆ నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడిని తీసుకొని, పొగతో కలిసి కిందికి దిగిపోతుంది. చాలా మోటార్లలో సిలిండరు హెడ్డు దగ్గర థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ఉంటుంది. నీరు సుమారు 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే గానీ అది తెరుచుకోదు. చల్లారిన ఇంజనుకు రెండు మూడు నిమిషాలు నీళ్లు పట్టి ఆపేస్తే ఆ కవాటం మూసుకునే ఉంటుంది, దాని వెనుక నిలిచిన ఉప్పునీరు అక్కడే ఉండిపోతుంది. మోటారు వెనుక నుంచి సన్నటి ధార మాత్రం చక్కగా చిమ్ముతూ మనల్ని నమ్మిస్తుంది, ఎందుకంటే చాలా నమూనాల్లో ఆ ధార థర్మోస్టాట్ దాకా పోకుండా ముందే చీలి బయటికి వస్తుంది. ధార వస్తోందంటే పంపు పనిచేస్తోందని మాత్రమే అర్థం. ఉప్పు పోయిందని కాదు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇంజను ఆగాక లోపల మిగిలిన నీరు ఆ వేడికే ఆవిరైపోయి ఉప్పును గోడలకు అంటించి పోతుంది. రోజూ అంటే రోజుకొక పొర. ఒకసారి నేను విప్పిన థర్మోస్టాట్ మూత కింద, నీరు పారవలసిన దారిలో, బెల్లం పాకంలా గట్టిపడిన తెల్లటి పెచ్చు కనిపించింది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే పొడిగా రాలలేదు, పెంకులా విరిగింది. కవాటం స్ప్రింగు ఆ పెచ్చులో కూరుకుపోయి కదలడం లేదు. ఆ మోటారుకు రోజూ నీళ్లు పట్టిన మాట నిజమే. మూడేసి నిమిషాలు పట్టారు.

ముందు నీటి సంగతి

చెన్నైలో ఈ పని చేసేవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. నగరానికి ఉత్తరాన మీంజూరు ప్రాంతపు భూగర్భ జలాల్లోకి సముద్రపు నీరు చొచ్చుకొని రావడం దశాబ్దాలుగా అందరికీ తెలిసినదే. ఎన్నూరు, తిరువొత్తియూరు తీరాల్లో చాలా బోర్ల నీరు నోట పెట్టుకోలేము. అటువంటి నీటితో ఏడాది పాటు మోటారు కడిగి, తరువాత హెడ్డు విప్పి ఉప్పును చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. పంపు నీరు కాబట్టి మంచినీరే అనుకున్నాను. నాలుకకు తాకించి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

కాబట్టి నీటి వడపోత యంత్రాలు అమ్మే దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకు దొరికే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచేది, ఒకటి కొనండి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు మేలైన హద్దు. వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. మోటారుకు నేను పాటించే లెక్క ఇలా ఉంటుంది: 500 లోపు ఉంటే నిశ్చింతగా వాడతాను, 1000 దాకా సర్దుకుంటాను, 2000 దాటితే ఆ నీటితో పని ముగించను. అలాగని ఉప్పుబోరు నీటిని పూర్తిగా వదిలేయనక్కర లేదు. 2000 రీడింగు ఉన్న నీటిలో కూడా సముద్రపు నీటిలోని ఉప్పులో పదిహేడో వంతే ఉంటుంది. లారీ నీరు కొనుక్కోవలసి వచ్చేచోట బయటి కాలును, మొదటి కడుగును బోరు నీటితో కానిచ్చి, చివరి అయిదు నిమిషాలు మాత్రం నగరానికి సరఫరా అయ్యే మెట్రో నీటితో కడగండి. 2019 వేసవిలో బిందె నీటికి క్యూలో నిలబడిన ఊరిలో మోటారుకు మంచినీరు ఖర్చు చేయమంటే ఎవరికైనా మనసొప్పదు. అందుకే కింద తక్కువ నీటితో అయ్యే డ్రమ్ము పద్ధతిని కాస్త వివరంగా రాశాను.

కావలసినవి

మీ మోటారుతో వచ్చిన చేతిపుస్తకం, నీటి ద్వారాలను రెండు వైపులా కప్పే రబ్బరు కప్పుల క్లిప్పు, దీన్నే దుకాణాల్లో మఫ్ అంటారు, గట్టి తోట పైపు, లేదా పైభాగం కోసేసిన 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, టీడీఎస్ మీటరు, ప్రొపెల్లరు నట్టుకు సరిపోయే స్పానరు, ఆ నట్టు ఊడకుండా ఉంచే కొత్త కాటరు పిన్ను, మెరైన్ గ్రీజు, తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే, పాత నూలు గుడ్డలు, ఒక ప్లాస్టిక్ గిన్నె. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే పని సులువవుతుంది. అయితే కరోనా కాలంలో ఇంటింటా కొన్న జ్వరం చూసే గన్ను ఇందుకు పనికిరాదు. అది శరీర వేడిని కొలిచే పరిధి దాటితే చదవదు. వర్క్‌షాపుల్లో వాడే రకం కావాలి.

మొదటి పద్ధతి: మఫ్ తగిలించి ఇంజను నడపడం

పైపులో నీటి ఒత్తిడి బాగా ఉన్నవాళ్లకు ఇదే ఉత్తమం. నిమిషానికి 10 లీటర్ల ధార అనుకుంటే 15 నిమిషాలకు 150 లీటర్లు అవుతాయి కాబట్టి ట్యాంకు చూసుకొని మొదలుపెట్టండి.

1. ఒడ్డుకు వచ్చిన రోజే, వీలైతే గంటలోపే, పని మొదలుపెట్టండి. ఉప్పు కరిగి ఉన్నప్పుడు నీటితో పోతుంది, ఎండి గట్టిపడితే నీటికి లొంగదు. రాత్రి అలసటగా ఉండి రేపటికి వాయిదా వేసే అలవాటే అన్ని తప్పుల్లోకీ ఖరీదైనది.

2. మోటారును నిటారుగా నిలబెట్టండి. గేరును న్యూట్రల్‌లో పెట్టి, ఆపే స్విచ్చు తాడును క్లిప్పు నుంచి తీసేసి, ప్రొపెల్లరును విప్పి పక్కన పెట్టండి. న్యూట్రల్‌లో ఉంది కదా అని ప్రొపెల్లరును ఉంచేయకండి. లివరుకు మోచేయి తగిలితే చాలు, అది తిరుగుతుంది. చేతివేళ్లు పోగొట్టుకున్నవాళ్లు రేవుల్లో ఉన్నారు.

3. ప్రొపెల్లరు తీసినప్పుడే దాని ఇరుసు చుట్టూ నైలాను దారం చుట్టుకుందేమో చూడండి. వల ముక్కో గాలపు దారమో చుట్టుకొని లోపలి సీలును కోసేస్తే గేర్‌బాక్సులోకి నీరు దిగుతుంది. కనిపించిన ప్రతి పోగునూ లాగేసి, ఇరుసుకు పలుచగా గ్రీజు రాయండి.

4. పైపుతో బయటి కాలును, బ్రాకెట్టును, వంచే మడతలను శుభ్రంగా కడగండి. నీటి ద్వారాల జాలీలో ఇసుక, నాచు, గవ్వ ముక్కలు ఇరుక్కుని ఉంటే మెత్తటి బ్రష్షుతో తీసేయండి.

5. మఫ్‌ను రెండు ద్వారాలనూ పూర్తిగా కప్పేలా బిగించి నీళ్లు వదలండి. కప్పుల అంచుల నుంచి కొంత నీరు పక్కలకు చిమ్మాలి. చిమ్మకపోతే ఒత్తిడి చాలదన్నమాట. ఇంజను మొదలయ్యాక పైపు లోపలికి నొక్కుకుపోతే పంపు అడిగినంత నీరు అందడం లేదు, వెంటనే ఆపేయండి. ఇంటి పైన ట్యాంకు నుంచి వచ్చే నీటికి ప్రతి మీటరు ఎత్తుకూ ఒక బార్‌లో (ఒత్తిడి కొలమానం) పదో వంతు ఒత్తిడే ఉంటుంది కాబట్టి ఒక అంతస్తు ఇంటి ట్యాంకు చాలా మోటార్లకు సరిపోదు. అటువంటివాళ్లు డ్రమ్ము పద్ధతికి మారండి.

6. నీరు పారుతుండగానే స్విచ్చు తాడు తగిలించి ఇంజను స్టార్టు చేయండి. నీరు లేకుండా ఒక్క క్షణం కూడా నడపకూడదు. ఇంపెల్లరు రెక్కలకు నీరే కందెన, అది లేకపోతే కొద్ది సెకన్లలోనే రబ్బరు కాలిపోవడం మొదలవుతుంది. స్టార్టు చేసే స్థలం నాలుగు వైపులా గాలి ఆడేదిగా ఉండాలి. షెడ్డు తలుపు మూసి నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

7. ఐడిల్ వేగంలోనే ఉంచండి. త్వరగా వేడెక్కాలని రేజు చేయకండి; బరువు లేని ఇంజను హద్దు దాటి తిరుగుతుంది, మఫ్ కూడా జారిపోవచ్చు. ఒక నిమిషంలోపు వెనుక ధార రాకపోతే ఆపి కారణం వెతకండి.

8. 10 నుంచి 15 నిమిషాలు నడవనివ్వండి. నిమిషాల లెక్క సగమే. మిగతా సగం వేడి. థర్మామీటరును థర్మోస్టాట్ మూత వైపు పట్టి చూస్తుంటే అంకె మెల్లగా పెరుగుతూ పోయి, ఒకచోట నిలబడి, కొద్దిగా కిందికి దిగుతుంది. కవాటం తెరుచుకున్న క్షణం అదే. అక్కడి నుంచి కనీసం అయిదు నిమిషాలు లెక్కపెట్టండి. థర్మామీటరు లేనివాళ్లు వేడి చూడటానికని, ఇంజను పైన తిరుగుతున్న ఫ్లైవీలు చక్రం దగ్గరకు చెయ్యి పోనివ్వకండి. 15 నిమిషాలూ పూర్తిగా నడపడమే క్షేమం.

9. కార్బురేటరు ఉన్న మోటారైతే చివర్లో పెట్రోలు పైపును విడదీసి, దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు ఎండి జిగురవకుండా ఉంటుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ మోటార్లకు ఇలా చేయకండి, వాటి పంపుకు నష్టం.

10. ఇంజను పూర్తిగా ఆగిన తరువాతే నీళ్లు ఆపేయండి. మోటారును నిటారుగానే వదిలి, లోపలి నీరంతా కారిపోనివ్వండి.

రెండవ పద్ధతి: డ్రమ్ము

9.9, 10, 15 హార్స్‌పవర్ మోటార్లకు, పైపు ఒత్తిడి లేనిచోట, ఇదే నేను ఎక్కువగా చెప్పే దారి. ముందుగా బయటి కాలును రెండు బకెట్ల నీటితో కడిగేయండి. ఆ ఉప్పు డ్రమ్ములోకి పోకూడదు. మోటారును గట్టి చెక్క స్టాండుకు బిగించి, కాలును డ్రమ్ములో దించి, ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే కేవిటేషన్ ప్లేటు మునిగి ఇంకా నాలుగు వేళ్ల నీరు పైన ఉండేలా నింపండి. మిగతా జాగ్రత్తలన్నీ మొదటి పద్ధతిలోవే.

ఇక్కడ చాలామంది మరచిపోయే లెక్క ఒకటుంది. డ్రమ్ములో తిరిగేది అదే నీరు. ఇంజను లోపల రెండు లీటర్ల సముద్రపు నీరు మిగిలిందనుకోండి. అందులోని 70 గ్రాముల ఉప్పు డ్రమ్ములోని 100 లీటర్ల నీటిలో కలిస్తే లీటరుకు 700 మిల్లీగ్రాములు పెరుగుతాయి. 300 రీడింగుతో మొదలైన నీరు 1000 అవుతుంది. దానితో అరగంట నడిపినా అంతకన్నా శుభ్రం కాదు. అందుకే మొదటి దఫా అయిదు నిమిషాలు నడిపి, ఆ నీటిని పారబోసి, మళ్లీ నింపి, రెండవ దఫా పది నిమిషాలు నడపండి. మొదటి దఫాకు బోరు నీరైనా ఫరవాలేదు, రెండవది మాత్రం మంచినీరై ఉండాలి. రెండవ దఫా నీటిని దాచి, మరునాడు మొదటి దఫాకు వాడుకునేవాళ్లు ఉన్నారు; మీటరు ఒప్పుకుంటే, పైన పెట్రోలు, ఆయిలు తెట్టె లేకుంటే అది తెలివైన పనే. పొగ నీటిలోకి వస్తుంది కాబట్టి డ్రమ్ము నీరు నురగలెత్తడం సహజం, కంగారు పడకండి. నీరు చేతికి వేడిగా తగులుతుంటే మాత్రం ఆపి కొంత చల్లటి నీరు కలపండి.

మూడవ పద్ధతి: ఫ్లషింగ్ పైపు

కొత్త 4-స్ట్రోకు మోటార్లలో పైపు నేరుగా బిగించే మర ఒకటి పక్కనే ఉంటుంది. దీనితో కడిగేటప్పుడు చాలా నమూనాల్లో ఇంజనును నడపకూడదు. నీరు పైనుంచి కిందికి దిగుతుంది, కింది పంపుకు అందదు, ఇంపెల్లరు ఎండిపోతుంది. నడపవచ్చని మీ చేతిపుస్తకంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆపే ఉంచండి. ఒడ్డుకు చేరగానే, ఇంజను ఇంకా వేడిగా ఉన్నప్పుడే, 15 నిమిషాలు పట్టండి. రోజువారీకి ఇది చాలు. వారానికి ఒకసారైనా మొదటి పద్ధతిలోనో రెండవ పద్ధతిలోనో ఇంజనును వేడెక్కించి కడగమని నా సలహా. కడిగాక మరను తిరిగి గట్టిగా బిగించడం మరచిపోతే, సముద్రంలో చల్లబరిచే నీరు ఆ దారిన బయటికి పోయి ఇంజను వేడెక్కుతుంది.

కడిగింది సరిగా కడిగామా?

ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. మొదలుపెట్టేటప్పుడు లోపలికి పోయే నీటి రీడింగును రాసుకోండి. ఇంజను ఆపి, నీళ్లు ఆపేసి, మఫ్ తీసేశాక కింది కాలు నుంచి కారే చివరి నీటిని గిన్నెలో పట్టండి. ఇంజను లోపలంతా తిరిగి దిగిన నీరు అది. నడుస్తున్నప్పుడు కింద పడే నీటిని పట్టకండి. మఫ్ అంచుల నుంచి కారిన కొత్త నీరు అందులో కలిసి మీటరును తప్పుదారి పట్టిస్తుంది. గిన్నె నీటి రీడింగు లోపలికి పోయిన నీటికి దగ్గరగా ఉంటే పని అయినట్టే. రెట్టింపు ఉంటే ఇంకో అయిదు నిమిషాలు. మీటరు లేనివాళ్లు వెనుక ధారతో వేలు తడిపి నాలుకకు తాకించే పాత పద్ధతిని వాడవచ్చు గానీ, కింది నుంచి కారే నీటిలో పెట్రోలు, ఆయిలు ఉంటాయి కాబట్టి దాన్ని రుచి చూడకండి. కాలుష్యం చేరే ఎన్నూరు క్రీకు నుంచి వచ్చిన మోటారైతే ఏ నీటినీ నోట పెట్టవద్దు.

ధారను కూడా గమనించండి. గోరువెచ్చగా, ఆగకుండా, పెన్సిలంత లావున రావాలి. సన్నబడినా, తుంపులు తుంపులుగా వచ్చినా ముందు ఆ రంధ్రంలోనే అడ్డు వెతకండి. ఇనుప తీగతో పొడవకుండా మందపాటి గాలపు నైలాను దారంతో శుభ్రం చేయండి. ఒడ్డున వారం పది రోజులుంచిన మోటార్లలో కందిరీగలు అక్కడ మట్టిగూడు కడతాయి. రంధ్రం శుభ్రంగా ఉన్నా ధార పెరగకపోతే ఇంపెల్లరు మార్చే వేళ అయింది.

తరచూ చూసే తప్పులు

వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను తీసి పారేయడం మన తీరంలో మామూలైపోయింది. తీసేస్తే అలారం ఆగుతుంది, నిజమే. కానీ ఇంజను ఎప్పుడూ చల్లగా నడుస్తుంది, పెట్రోలు సరిగా మండదు, ప్లగ్గులకు మసి పడుతుంది, ఖర్చు పెరుగుతుంది. పైగా వేడెక్కడానికి అసలు కారణమైన ఉప్పు లోపలే ఉంటుంది. థర్మోస్టాట్‌ను విప్పి గిన్నెలో నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టండి. నీరు వేడెక్కే కొద్దీ అది తెరుచుకుంటే కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు, తెరుచుకోకపోతే కొత్తది వేయాలి.

పై మూత తీసి ఇంజను మీద పైపుతో నీళ్లు కొట్టడం రెండవ తప్పు. వైరింగు కనెక్షన్లలోకీ కార్బురేటరు నోటిలోకీ నీరు పోతుంది. మూత కింద ఉప్పు తేమను తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, స్ప్రే కొట్టి వదిలేయండి.

నీరు కారకముందే మోటారును పడుకోబెట్టడం మూడవది. ఆటోలో వేసుకొని వచ్చేటప్పుడు తలభాగం కిందికీ కాలు పైకీ ఉంటే, కాలులో మిగిలిన నీరు సిలిండరులోకి దిగుతుంది. తల ఎప్పుడూ ఎత్తులో ఉండాలి. ఏ పక్కకు పడుకోబెట్టాలో చేతిపుస్తకంలో బొమ్మ ఉంటుంది.

పెచ్చును కరిగించడానికి గాఢమైన ఆమ్లాలు పోయడం నాలుగవది. ఇంజను అల్యూమినియం, టాయిలెట్ శుభ్రం చేసే ఆసిడ్ ఉప్పుతోపాటు లోహాన్నీ తినేస్తుంది. ఇందుకోసమే అమ్మే ఉప్పు కరిగించే ద్రావణాన్ని డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి వాడి, తరువాత మంచినీటితో పూర్తిగా కడగండి.

కడగడంతో తీరని పనులు

ఇంజను నడిచిన ప్రతి 100 గంటలకొకసారి గేర్ ఆయిల్‌ను మార్చండి. కింది మర విప్పినప్పుడు మొదట వచ్చే చుక్కలను చూడండి: తేనె రంగులోనో నల్లగానో ఉంటే సరే, పాల టీ రంగులో ఉంటే నీరు దిగింది, సీలు మార్చాలి. మర కొనకు అంటుకున్న సన్నటి లోహపు పొడి మామూలే; పెచ్చులు కనిపిస్తే మెకానిక్కుకు చూపించండి. కొత్త ఆయిల్‌ను, సాధారణంగా ఎస్‌ఏఈ 90 హైపాయిడ్ రకం, ఎప్పుడూ కింది రంధ్రం నుంచే పైకి ఎక్కించాలి. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా కారినప్పుడు ముందు పై మరను బిగించి, తరువాత ట్యూబు తీసి కింది మరను బిగించండి. రెండింటికీ కొత్త వాషర్లు వేయండి. రెండు మూడు రూపాయల వాషరు మిగుల్చుకుందామని గేర్‌బాక్సు పోగొట్టుకోవద్దు.

ఇంపెల్లరును ఏడాదికి ఒకసారి మార్చడం మంచిది. ఇసుక తేలే ముఖద్వారాల్లో, లోతు లేని పులికాట్‌లో, మన పెద్దలు ప్రళయకావేరి అనే ఆ సరస్సులో, తిరిగే పడవలకు ఇంకా ముందే మార్చాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వరదతో ఎన్నూరు క్రీకులోకి చమురు చేరినప్పుడు అక్కడ తిరిగిన మోటార్ల రబ్బరు భాగాలన్నిటినీ అనుమానించవలసి వచ్చింది. అటువంటి నీటిలో నడిపితే గంటల లెక్క చూడకుండా ఇంపెల్లరును విప్పి చూడండి.

కాలుకు బిగించి ఉండే బూడిదరంగు లోహపు ముక్కలే ఆనోడ్లు. మోటారుకు బదులుగా తాము తుప్పుకు తిండి కావడమే వాటి పని. ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం, ఉప్పూ మంచీ కలిసే నీటికి అల్యూమినియం వాడాలి. సగం కరిగితే మార్చండి. వాటికి రంగు పూయకండి; అందంగా ఉంటుందని మోటారుతోపాటు వాటికీ రంగు వేసిన పడవలను చూశాను, ఆ ఆనోడ్లు చెక్కుచెదరలేదు, కాలు మాత్రం గుంటలు పడిపోయింది.

2-స్ట్రోకు మోటార్లకు టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్న ఆయిల్‌నే కలపండి, బైకుల ఆయిల్ వద్దు. 50:1 పాళ్లంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. మీ మోటారుకు ఏ పాళ్లో చేతిపుస్తకంలో చూసుకోండి. 4-స్ట్రోకుకు ఎఫ్‌సీ-డబ్ల్యూ గుర్తున్న ఆయిల్‌ను 100 గంటలకో, ఏడాదికో, ఏది ముందైతే దానికి మార్చండి.

పడవ ఒడ్డున ఉండే రోజులు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల వేట నిషేధంలోనో, ఈశాన్య రుతుపవనాల తుఫాను రోజుల్లోనో మోటారు వారాల తరబడి నిలిచిపోతే, చివరిసారి కడిగిన రోజే మరికొంత పని చేయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు. కాబట్టి ట్యాంకును ఖాళీ చేసి ఆ పెట్రోలును వాడేసుకోండి, కార్బురేటరును ఆరబెట్టండి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలోకి తుప్పు పట్టకుండా కాపాడే ఫాగింగ్ ఆయిల్ కొట్టి తాడును మెల్లగా రెండు సార్లు లాగి ప్లగ్గులు తిరిగి బిగించండి. గేర్ ఆయిల్‌ను నిషేధం ముగిశాక కాకుండా ముందే మార్చండి. లోపల నీరు దిగి ఉంటే రెండు నెలల పాటు అది గేర్లను తింటూ కూర్చుంటుంది. మోటారును నీడలో నిటారుగా నిలబెట్టి, గాలి ఆడే నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కడితే లోపల చెమట పడుతుంది.

మోటారు నీట మునిగితే

పైన చెప్పిన ఏదీ దీనికి సరిపోదు, ఇందులో గంటలే లెక్క. నడుస్తుండగా మునిగితే స్టార్టు చేసే ప్రయత్నం చేయకండి. సిలిండరులో నీరు నొక్కుకుపోక కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండవచ్చు. ఆగి ఉండగా మునిగితే మంచినీటితో లోపలా బయటా కడిగి, ప్లగ్గులు తీసి, ప్లగ్గు రంధ్రాలు కిందికి వచ్చేలా వంచి, ఫ్లైవీలును చేత్తో తిప్పుతూ నీరంతా దించి, సిలిండర్లలో ఆయిల్ పోయండి. ఆ పూటే మెకానిక్కు దొరక్కపోతే మోటారును ఎండలో ఆరబెట్టాలని అనిపిస్తుంది. ఆరబెట్టవద్దు. ఉప్పునీటిలో మునిగిన బేరింగులకు గాలి తగిలితే తుప్పు ఆ క్షణం నుంచే మొదలవుతుంది. డ్రమ్ములో మంచినీరు నింపి, మోటారును తలభాగంతో సహా అందులో ముంచి ఉంచండి. మునిగింది ఎన్ని గంటలకు, అప్పుడు ఇంజను నడుస్తోందా ఆగి ఉందా, మంచినీటిలో పెట్టింది ఎప్పుడు, ఈ మూడు మాటలను చీటీ మీద రాసి డ్రమ్ముకు కట్టండి. మెకానిక్కు రాగానే మొదట అడిగేవి ఇవే.